సీసా మీద గీత

శనివారం ఉదయం ఆరున్నరకే రాజారత్నం నీళ్ల క్యాన్లను ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. తిరుపతి బస్టాండు చుట్టూ ఉన్న లాడ్జీలకు రోజూ అరవై క్యాన్లు వెయ్యాలి. బయలుదేరే ముందు ఇంట్లో ఒక పని మాత్రం తప్పదు. అరలీటరు సీసాలో నల్లపెన్నుతో గీసిన గీతదాకా నీళ్లు నింపి భార్య ఎస్తేరు మంచం పక్కన పెట్టాలి. రోజంతటికీ ఆమెకు అవే నీళ్లు. ఆమెకు రెండు కిడ్నీలూ పోయి ఏడాదైంది. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. ఒక గుక్క కాఫీ తాగినా ఆ మేరకు సీసాలో నీళ్లు తగ్గించాల్సిందే.

రెండో తరగతి చదివే కూతురు కృపామణి అతని వెనకాలే తిరుగుతోంది. పిల్ల కాదది, ప్రశ్నల పుట్ట. నిద్ర లేచింది మొదలు మనిషిని ఊపిరి తీసుకోనివ్వదు.

"నాయనా, ఆకాశం పైన ఏముండాది?"

"ఇంకా ఆకాశమే."

"దానిపైన?"

"కాళ్లకు అడ్డం పడొద్దు మే. క్యాను మీద పడ్తాది."

ఆ పిల్ల పక్కకు జరిగిందే కానీ నోరు ఆగలేదు. కిటికీలో పెట్టిన రెండు గ్లాసులు చూపించింది. "టీచరు రెండిట్లో అలసందలు ఏసి, ఒకదానికే నీళ్లు పొయ్యమనింది. రెండోదానికి పొయ్యకుంటే ఏమయితాది?"

"ఎండిపోయి సస్తాది. పానముండే దేనికైనా నీళ్లు కావల్ల."

"దేనికైనానా?"

"దేనికైనా."

"మరి అమ్మకెందుకు కొంచెమే ఇస్తావు?"

రాజారత్నం చేతులు ఆగిపోయాయి. "అది పెద్దోళ్ల సంగతి. నీకెందుకు? పో, పళ్లు తోముకో."

ఏడాదిగా ఆ పిల్ల అదే అడుగుతోంది, అతను అదే చెబుతున్నాడు. అసలు సంగతి చెప్పబోయి మాట మార్చేస్తాడు. చెప్పకపోతే పిల్లకు తెలియదులే అనుకున్నాడు పిచ్చివాడు.

సోమవారం తెల్లవారేసరికి ఎస్తేరు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంది. మొహం ఉబ్బింది. ఊపిరి పైపైనే ఆడుతోంది. రాజారత్నం క్యాన్లన్నీ దించేసి, అదే ఆటోలో ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయాడు. బరువు చూసిన సిస్టర్ అతని వైపు గుర్రుగా చూసింది.

"నాలుగున్నర కేజీలు నీళ్లే ఉండాయి లోపల. మనిషిని బతికించుకోవాలనుండాదా లేదా మీకు?"

అతను తల దించుకున్నాడు. ఆమె మెషీన్ మీద ఉన్న నాలుగు గంటలూ వరండాలో నిలబడే ఉన్నాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి ఎస్తేరును పడుకోబెట్టాక, దిగమింగుకున్నదంతా బయటికొచ్చింది. మొదట తల్లి తాయమ్మ మీద పడ్డాడు. కోడలికి తోడుగా ఉంటానని సొంతూరు తడ నుంచి వచ్చిన మనిషి ఆమె.

"ఏం పోసినావమ్మా దానికి? గంజినీళ్లా, చారా?"

"నా కళ్లు పోనీ, సుక్క ఇయ్యలేదు రా. అది అడిగితే గూడా యాడిచ్చినాను?"

అతను భార్య వైపు తిరిగాడు. "అయితే నువ్వే తాగినావు. ఇంకెన్ని దినాలు నీ వెనకాల కాపలా ఉండల్ల నేను? సావాలనుంటే సెప్పు, అందరం కలిసి సస్తాము."

ఎస్తేరు కళ్లు మూసుకుంది.

"నేనే ఇచ్చినా," అంది కృపామణి తలుపు దగ్గర నుంచి.

అందరూ అటు తిరిగారు.

"నువ్వు పొయ్యినాక, అవ్వ బట్టలు ఉతికేటప్పుడు, గ్లాసు గ్లాసు తెచ్చిచ్చినా. నిన్న గూడా. నీళ్లు లేకుంటే సస్తాదని నువ్వే సెప్పినావు గదా నాయనా."

రాజారత్నం మంచం పట్టె మీద కూలబడ్డాడు. ఎస్తేరు చెయ్యి చాచి అతని మోచెయ్యి పట్టుకుంది.

"దాన్ని తిట్టొద్దు. తప్పు నాది. దప్పికైతాండె. అది తెచ్చిస్తే వద్దనలేకపోయినా. నేను తాగేటప్పుడు అది నా మొహంలోకే సూస్తాండె."

అతనికి ఏడుపొచ్చింది. పిల్ల ముందు ఎన్నడూ ఏడవని మనిషి చొక్కాతో మొహం తుడుచుకుంటూ ఏడ్చాడు. తర్వాత కృపామణిని దగ్గరకు లాక్కున్నాడు.

"నేను సగమే సెప్పినా మే. నేను క్యాన్లు నింపుకొచ్చే నీళ్ల ప్లాంటులో ఫిల్టరు సూసినావు గదా? మనిషి లోపల గూడా అట్లాటివి రెండుంటాయి. అమ్మకు రెండూ పూడిపోయినాయి. తాగిన నీళ్లు బయటికి పోవు. లోపలే నిలిసిపోయి ఊపిరాడనీవు."

కృపామణి తలెత్తింది. "ప్లాంటులో ఫిల్టరు పోతే కొత్తది ఏస్తారు గదా?"

"మనిషికి ఇంకో మనిషి ఇయ్యల్ల. నాది సూసినారు, పనికిరాదన్నారు. అవ్వకు సుగరు."

"నాది?"

"సిన్నపిల్లోళ్లది తీసుకోరు."

"నేను పెద్దయ్యేదాకా అమ్మ ఉంటాదా?"

తాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. ఉంటుందని చెప్పడానికి రాజారత్నం నోరు తెరిచాడు. ఒకసారి సగం చెప్పిన పాపం కళ్లెదుటే పడుకుని ఉంది.

"నాకు తెలీదు మే," అన్నాడు.

మంగళవారం ఉదయం అతను లేచేసరికి కృపామణి క్యాను ముందు కూర్చుని సీసా నింపుతోంది. కిటికీలో రెండు గ్లాసుల్లోనూ అలసందలు మొలిచాయి. రెండోదాన్ని కూడా ఎండనివ్వలేదు ఆ పిల్ల. ఆకాశం గురించి అడగలేదు, టీచరు గురించి చెప్పలేదు. సీసాను నేల మీద పెట్టి, చెంప నేలకు ఆనించి, నీళ్ల అంచును చూసింది. వెంట్రుకవాసి ఎక్కువనిపించిందేమో, కొంచెం వంపేసి మళ్లీ చూసింది.

"నాయనా, గీత దాటలేదు గదా?"

"దాటలేదు."

"అయితే ఈ పొద్దు అమ్మకు ఏం కాదు గదా?"

అతను ఆమె పక్కనే నేల మీద వంగి, తనూ ఒక కన్ను మూసి గీతను చూశాడు.

"ఈ పొద్దుకు ఏం కాదు మే," అన్నాడు.