పద్నాలుగో మెట్టు

ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో తెల్లారేది డీజిలు వాసనతోనే. నాలుగు నెలల క్రితం పొలంలో సోలారు పలకలు బిగించాక ఆ వాసనా పోయింది, ఇంజను దగ్గూ పోయింది. ఇప్పుడు ఎండ పడితే చాలు, మోటారు తనంతట తానే నీళ్లు తోడుతోంది. పనిలేక ఇంజను పశువుల పాకలో మూల కూర్చుంది.

ఆ రోజు ఇంటాయన కాలు ఒకచోట నిలవడం లేదు. మధ్యాహ్నానికి నాటడానికి చెరకు ముచ్చెల బండి రావాలి. "మూడెకరాలూ చెరకే నాన్నా. ఇక జొన్నలకీ కందులకీ సెలవు," అన్నాడు టీ తాగుతూ.

వాకిట్లో కూర్చున్న ముసలాయన మొహం విప్పారింది. డబ్బాడు డీజిలు పోస్తే ఒక్క తడి అయ్యేది. డబ్బా ఖాళీ అయితే ఇంజను ఆగేది, నీళ్లూ ఆగేవి. అందుకే రెండు తడులతో సరిపెట్టుకునే పంటలే వేశాడు జీవితమంతా. పక్క చేలో చెరకు గాలికి ఊగుతుంటే గట్టు మీద నిలబడి చూసి ఇంటికొచ్చేవాడు.

"చెరకు వద్దండీ," అంది కోడలు పొయ్యి దగ్గర్నుంచి. "బావి దిగిపోతోంది."

"గొట్టం నిండా నీళ్లు పడుతుంటే బావి దిగిపోవడమేంటి? పైగా ఎండకి ఎవరైనా బిల్లు వేస్తారా?"

"ఎండ సంగతి నేను మాట్లాడటం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోటారు ఆపే దిక్కు లేదు. ఉన్న జొన్నకే ఇంత తోడాం. చెరకుకి ఏడాది పొడుగునా పెట్టాలి."

"నాన్నకున్నది ఒక్క కోరిక. అది తీరుస్తుంటే అడ్డం పడతావా? నీకేం తెలుసు ఆయన బాధ?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా వెనక్కి తగ్గలేదు. చేతులు తుడుచుకుని మావగారి ముందుకొచ్చి నిలబడింది.

"మావయ్యా, ఒక్కసారి బావి దాకా రండి. చూశాక కూడా వెయ్యమంటే మొదటి ముచ్చె నేనే పాతుతాను."

ఇంజను ఉన్నన్నాళ్లూ గొట్టం సర్దడానికి రోజూ బావిలోకి దిగిన మనిషే ఆయన. మోటారు వచ్చాక ఆ అవసరం లేకపోయింది. కొడుకు స్విచ్చు దగ్గరే ఉండిపోయాడు. బావిలోకి తొంగి చూస్తున్నది నీళ్లు చేదుకునే కోడలొక్కతే.

ముసలాయన గోడ పట్టుకుని, మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగాడు. వెనకే కొడుకూ కోడలూ దిగారు. పద్నాలుగో మెట్టు మీద ఆగిపోయాడు పెద్దాయన. దాని అంచున ఉలితో చెక్కిన గీత ఉంది. పొడిగా ఉంది.

"చినుకు పడని ఏడాది మీ అమ్మ ఇక్కడ కూర్చుని చెంబుతో నీళ్లు ముంచిందిరా," అన్నాడు మెల్లగా. "ఈ మెట్టు మళ్లీ కళ్లబడకూడదని తనే ఈ గీత గీయించింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఇది నీళ్లపైకి రాలేదు. వానలు బాగా పడిన ఈ ఏడాది ఇది బయటపడిందంటే..." గీత మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు.

కొడుకు ఆ గీత నుంచి కింద నీళ్ల దాకా మెట్లు లెక్కపెట్టాడు. తర్వాత ఫోను తీసి బండి వెనక్కి తిప్పమన్నాడు. భార్య వైపు తిరిగి, "నేను చూడాల్సింది నువ్వు చూశావు," అన్నాడు.

"ఆ ఇంజన్ని తిట్టని రోజు లేదమ్మా," అన్నాడు ముసలాయన పైకొచ్చి. "మనల్ని ఆపింది అదే. ఇప్పుడు ఎవరాపుతారు?"

"నేను ఆపుతాను మావయ్యా."

ఆయన కొడుకు చేతిలోంచి స్విచ్చు పెట్టె తాళంచెవి తీసుకుని కోడలి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

"ఏమండీ, బండివాడికి మళ్లీ ఫోను చెయ్యండి," అంది. "కాలవ పక్కన రెండు సాళ్లకి సరిపడా ముచ్చెలు తెమ్మనండి. అవి మావయ్యవి."