ఒకపక్కకి కూర్చునే సీటు

"ఏవండీ, మేస్త్రీ లేరా?"

నూకరత్నం తలెత్తి చూసింది. మోచేతుల దాకా రెజిన్ జిగురు అంటుకుని ఉంది. చేతిలో బ్రష్షు ఉంది. ఎదురుగా సగం ఆరిన ఫైబర్ పడవ బోర్లా పడి ఉంది. ఇంకేం కనబడితే ఈ మనిషికి మేస్త్రీ కనబడినట్టో అనుకునేసరికి ఒళ్లు మండింది.

"ఉంది. సెప్పండి."

"మీరు కాదండీ. ఫైబర్ పని చేసే మేస్త్రీ. అప్పలసూరి గారని చెప్పారు."

"అప్పలసూరి మా నాన్న. రెండేళ్ల కిందట నడుం పట్టేసింది. అప్పట్నుంచి అచ్చులు పోసీది నానే. పాలిటెక్నిక్‌లో మెకానికల్ సదివినాను. సర్టిఫికెట్టు సూపించమంటారా?"

అతను నాలుక కరుచుకున్నాడు. అది 2003 జూలై. ఫిషింగ్ హార్బర్ వెనక ఆ రేకుల షెడ్డు మీద వాన దరువేస్తోంది. అతను లోపలికి రావాలో వద్దో తెలియక చూరు కిందే నిలబడి తడుస్తున్నాడు. కాగితాల చుట్ట మాత్రం చొక్కా లోపల దాచుకున్నాడు. తను తడిసినా కాగితం తడవనివ్వని మనిషి కదా అని, ఆ ఒక్క కారణానికి రత్నం అతన్ని లోపలికి పిలిచింది.

పేరు ఉమామహేష్. ఇల్లు ఉక్కునగరంలో. తండ్రి స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లు ఉద్యోగి. ఇంజనీరింగ్ అయ్యాక ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో చేరి, ఖాళీ దొరికినప్పుడల్లా ఓ మోటార్ సైకిల్ తయారు చేస్తున్నాడు. పుణేలో ఒక పెద్ద బళ్ల కంపెనీ కుర్రాళ్లకి డిజైన్ పోటీ పెట్టింది. గెలిచినవాడికి ఆ కంపెనీ డిజైన్ విభాగంలోనే ఉద్యోగం.

"రేసు బండిలా దూసుకుపోవాలండీ. అలాగని దూరం వెళ్తే నడుం పడిపోకూడదు. పొద్దున్న ఇక్కడ ఎక్కితే రాత్రికి హైదరాబాద్‌లో దిగాలి. అందుకే హ్యాండిల్ కాస్త ఎత్తులో పెట్టాను. గాలి గుండెకి కొట్టకుండా ముందు ఈ తొడుగు. దీన్నే మీరు ఫైబర్‌లో పోయాలి."

రత్నం కాగితం మీదికి వంగింది. గీత బాగుంది. ఆ సంగతి పైకి చెప్పలేదు. ముందు చక్రం దగ్గర మొదలైన చూపు వెనక చక్రం దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"ఎనకాల ఎవలు కూకుంటారు?"

"ఎవరైనా."

"రెండేపులా సైలెన్సర్లు. వాటి మీద రెండేపులా సామాన్ల పెట్టెలు. సీటేమో కాకి వాలీటంత. మా అమ్మ కూకోగలదా?"

"కూర్చోవచ్చండీ, కాళ్లు అటూ ఇటూ వేసుకుని."

"సీర కట్టుకునా?"

ఉమామహేష్ నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. "ఇది టూరింగ్ బైకండీ. చేపల బేరానికి వెళ్లే బండి కాదు."

రత్నం బ్రష్షు డబ్బాలో పెట్టి చేతులు తుడుచుకుంది.

"మా అమ్మ పోతమ్మ. ఇరవై ఏళ్లుగా తట్ట నెత్తినెట్టుకుని రోజూ పూర్ణా మార్కెట్టుకి పోతాది. ఆవిడ తిరిగిన దూరం మీ బండి తిరగడానికి ఎన్నేళ్లు పడతాదో లెక్క కట్టండి. ఈ దేశంలో సగం మంది ఒకపక్కకే కూకుంటారు. ఆళ్లు టూరింగు పోరా?"

"నా ఉద్దేశం అది కాదండీ..."

"మీ ఉద్దేశం కాగితంలో కనిపిస్తంది. రేపు బండట్టుకు రండి. నాను నడుపుతాను. మీరు ఎనకాల కూకోండి."

మర్నాడు వచ్చాడు. బండికి ఇంకా తొడుగు లేదు. ఇనుప ఫ్రేము, ఇంజను, సైలెన్సర్లు, ఒక అద్దం, చెక్క సీటు, అంతే. రత్నం అతనికి వాళ్ల నాన్న లుంగీ ఇచ్చి ప్యాంటు మీదే బిగించి కట్టుకోమంది. ఒళ్లో చేపల తట్ట పెట్టింది. అందులో ఐదు కిలోల ఐసు.

"ఇది అవసరమా రత్నం గారూ?"

"కూకోండి."

హార్బర్ గేటు దాటేసరికి సన్నగా జల్లు మొదలైంది. మొదటి మలుపులో బండి మొత్తం ఎడమవైపుకి లాగేసింది. రెండో మలుపులో అతని చెయ్యి ఆమె భుజం మీద పడింది. వేడి పెనం ముట్టుకున్నట్టు వెంటనే వెనక్కి తీసుకున్నాడు. మూడో మలుపులో ఎడమ సైలెన్సర్ తగిలి అతని పిక్క నిజంగానే కాలింది.

"అమ్మా" అన్న కేక వెనకనుంచి వినబడింది.

అద్దంలో చూస్తే ఒక చేత్తో లుంగీ, ఒక చేత్తో తట్ట, మొహం మీదికి చిందుతున్న ఐసు నీళ్లు. రత్నం పెదవి బిగబట్టింది కానీ నవ్వు ఆగలేదు. అద్దంలో ఆ నవ్వు అతను చూశాడు. పిక్క మండుతున్నా తనూ నవ్వాడు. పూర్ణా మార్కెట్ ముందు దిగి తట్ట కింద పెట్టి, "నాది తప్పే. ఎలా మారుద్దాం?" అని అడిగాడు.

మగవాడి నోట ఆ ప్రశ్న వినడం రత్నానికి అదే మొదటిసారి. కోపం కొంచెం తగ్గింది. కొంచెమే.

తర్వాత రెండు నెలలు ఆ షెడ్డులో పడవలకన్నా బండి పనే ఎక్కువ సాగింది. సైలెన్సర్లు రెండూ కుడివైపుకి వెళ్లాయి. ఎడమ పెట్టె తీసేసి సీటు వెనక చేర్చారు. సీటు కిందికి దిగి వెడల్పయింది. దాని కింద పాదాలు రెండూ ఆనేలా మడత పలక వచ్చింది. మనిషి ఒకపక్కకి కూర్చుంటే బండి లాగే సంగతే తేలలేదు. ఉమామహేష్ మూడు రోజులు లెక్కలు కట్టి తల పట్టుక్కూర్చున్నాడు.

"పడవలో వల ఒకపక్కకి పడితే ఏటి సేత్తాం? ఐసు పెట్టె ఇంకోపక్కకి జరుపుతాం" అంది రత్నం. "బ్యాటరీకి ఓ సొరుగు పెట్టు. ఎనకాల మనిషుంటే కుడికి జరుపుకోవాల. లేకపోతే మధ్యకి."

అతను చాలాసేపు ఆమెనే చూశాడు. ఫైబర్ పొడి ఆమె కనురెప్పల మీద కూడా పడి ఉంది.

"అలా సూస్తే బ్యాటరీ జరగదు" అంది రత్నం. కానీ ఆ పూట ఉప్పుకాగితం పట్టిన చోటే పదిసార్లు పట్టింది. అతనంటే ఇష్టమని అప్పుడే తెలిసిపోయింది. తెలిసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

పోటీవాళ్లు సిరిపురంలో ఒక హాల్లో బళ్లన్నీ వరసగా పెట్టించారు. రత్నం గుడ్డతో తొడుగు తుడుస్తూ బండి పక్కనున్న అట్ట మీది అక్షరాలు చదివింది. డిజైన్: ఉమామహేష్. దాని కింద, ఫైబర్ లేబర్: ఒకరు.

ఒకరు. రెండు నెలల పనికి ఆమెకి దక్కిన పేరు అది.

ఆమె నోరు తెరిచేలోపు పుణే నుంచి వచ్చిన పెద్దాయన బండి దగ్గర ఆగాడు. సీటు మీద ఒకపక్కకి కూర్చుని చూశాడు. బ్యాటరీ సొరుగు లాగి చూసి కళ్లద్దాలు తీశాడు. "అద్భుతంగా ఉంది. ఈ ఆలోచన ఎవరిది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఉమామహేష్ రత్నం వైపు చూడలేదు.

"నాదే సార్."

రత్నం గుడ్డ సీటు మీద పడేసి బయటికి నడిచింది. మెట్ల దగ్గర అతను అందుకున్నాడు.

"రత్నం, ఆగు. ఒక్కడే చేసిన డిజైన్ అయితేనే తీసుకుంటారు. అది రూలు. నీ పేరు చెబితే..."

"రూలు నాకు ముందే సెప్పి ఉంటే నానే ఊరుకుందునేమో. అడిగినావా? ఒకరంట, ఒకరు. మా షెడ్డులో కుక్కకి కూడా పేరుంది."

వారం రోజులు అతను షెడ్డుకి రావడం, ఆమె వీపు చూపించడం. ఎనిమిదో రోజు నుంచి రావడం మానేశాడు. మానేసినందుకు ఆమెకి ఇంకా మండింది. మొదటి బహుమతి అతనికేనని అప్పలసూరి పేపర్లో చదివి వినిపించిన పూట అన్నం కూడా తినలేదు.

ఇంకో పది రోజులకి అతను వచ్చాడు. గడ్డం పెరిగింది. బయట పోతమ్మ చేపలు ఏరుకుంటోంది. ఆవిడకి నమస్కారం పెట్టి లోపలికొచ్చి రత్నం ముందు ఒక ఉత్తరం పెట్టాడు. ఆ కంపెనీ నుంచి వచ్చింది. సీటు, సొరుగు, సైలెన్సర్ల అమరిక నూకరత్నం అనే మెకానికల్ డిప్లొమా ఆవిడ డిజైన్ అని మీరే రాసి తెలిపినందున, నియమాల ప్రకారం మీ ఎంట్రీని, ఉద్యోగాన్ని రద్దు చేస్తున్నాం అని ఉంది.

రత్నం రెండుసార్లు చదివింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే గొంతు లేచింది.

"నీకు మతుందా? నీ పేరు పక్కన నా పేరుండాలనుకున్నాను. నీ పేరు కొట్టేసుకోమని ఎవలు సెప్పారు?"

"ఆ ఉద్యోగంలో చేరితే రోజూ ఆ సీటే చూడాలి. నావల్ల కాలేదు. నాన్న మాట్లాడ్డం మానేశాడు. అయినా నిద్ర పడుతోంది."

"నీకు పడతాది. నాకు? రాసే ముందు నన్నడిగినావా? ఇద్దరం ఎల్లి ఆ పెద్దాయన్ని కలుద్దుమేమో. ఇద్దరికీ కలిపి దారేదైనా ఉందేమో అడుగుదుమేమో. తప్పు సేసినప్పుడూ నువ్వొక్కడివే. దిద్దుకున్నప్పుడూ నువ్వొక్కడివే. మధ్యలో నానేటి, మళ్లీ ఒకరునా?"

ఈ కోణం అతనికి తట్టనే లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. త్యాగం చేశానని గర్వంగా వచ్చినవాడు మళ్లీ మొదటికొచ్చి నిలబడ్డాడు.

"నిజమే" అన్నాడు. "అడగలేదు. ఇక మీదట నిన్ను అడక్కుండా ఏదీ చెయ్యను. ఇప్పుడు రెండు అడుగుతాను. ఆ బండిని ఇద్దరి పేర్ల మీద ఇంకో కంపెనీకి చూపిద్దామా?"

"సూపిద్దాం. రెండోది?"

అతను బయటికోసారి చూసి గొంతు తగ్గించాడు. "నువ్వంటే నాకు ప్రాణం రత్నం. మా అమ్మని మీ ఇంటికి తీసుకురానా?"

గొంతు తగ్గించినా పోతమ్మకి వినబడింది. చేతిలో చేప అలాగే పట్టుకుని గుమ్మం దగ్గరికొచ్చింది. కూతురి మొహం చూసింది, కుర్రాడి మొహం చూసింది. ఆవిడ కళ్లు మెరిశాయి.

"అలాగే తీసుకురా బాబూ. ఆదివారం రండి. మంచి రోజు."

రత్నం గిర్రున తల్లి వైపు తిరిగింది.

"నువ్వెందుకు సెప్తన్నావమ్మా? నన్నడిగినాడు. నాను సెప్పాల."

"సెప్పవే మరి."

రత్నం అతని వైపు తిరిగింది. మొహంలో కోపం ఇంకా అలాగే ఉంది.

"ఆదివారం కాదు" అంది. "రేపే తీసుకురా."