శ్రుతిపెట్టె లేని పాట

కృతి తండ్రి శ్రుతిపెట్టె 2011 అక్టోబరులో, ఒక వాన రోజున, న్యూజెర్సీలోని పార్సిప్పనీ నుంచి న్యూయార్క్ వెళ్ళే బస్సులో పోయింది.

దాన్ని పై అరలో పెట్టింది కౌస్తుభ్. అప్పటికి అతనెవరో ఆమెకు తెలియదు. ఫోన్‌లో ఎవరితోనో కోడ్ గురించి తెలుగులో మాట్లాడుతుంటే విని అడిగింది.

"నువ్వు టాల్ కదా, ఇది పైన పెడతావా?"

"పెడతానండి. ఏముంది ఇందులో?"

"మా నాన్న."

అతను పెట్టెను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"భయపడకు. శ్రుతిపెట్టె అది. నాన్న శ్రుతి వేస్తే నేను పాడేదాన్ని. స్ప్రింగ్‌లో పోయారు. మళ్ళీ పాడలేదు. ఇవాళ ట్రై చేస్తా."

"టెంపుల్‌లోనా?"

"పార్క్‌లో. అక్కడ బ్యాంకుల మీద ప్రొటెస్ట్ జరుగుతోంది కదా. మైకులు వాడనివ్వరు. ఒకళ్ళు చెప్పింది చుట్టూ ఉన్నవాళ్ళు రిపీట్ చేస్తారు, వెనకవాళ్ళకి వినపడాలని. బ్యాంక్‌కి ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళ స్ట్రీట్ పేరు చెప్తారు. నేను దాన్ని పాడతాను."

"సాహిత్యం?"

"స్ట్రీట్ పేరే."

"తాళం కూడా లేదా? ఇదేం సంగీతమండీ?"

"నీ కోడ్‌కి తాళం ఉందా?"

కోటు కొనడానికి బయలుదేరిన కౌస్తుభ్ ఆమెతోపాటు దిగాడు. ఒకే గొడుగు. వాదన మాత్రం పార్కు దాకా తెగలేదు. అక్కడికి చేరాక ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

"నువ్వు తెచ్చావనుకున్నాను," అంది కృతి.

"మీరు తీసుకున్నారనుకున్నానండి."

బస్సు ఆఫీసుకి ఫోన్ చేశాడు. చూసి చెబుతామన్నారు. కృతి తడి మెట్టు మీద కూర్చుండిపోయింది.

"నాన్న శ్రుతి లేకుండా నేను పాడలేను."

ఒక పెద్దావిడ లేచి తన వీధి పేరు చెప్పింది. మేపుల్ స్ట్రీట్. జనం ఆ పేరును వెనక వరుసల దాకా చేరవేసి, పాడతానని ముందే చెప్పిన కృతి కోసం ఆగారు. కృతి మెట్టు మీంచి లేవలేదు.

కౌస్తుభ్‌కి పాట రాదు. కళ్ళు మూసుకుని 'సా' అన్నాడు. అది శ్రుతిలో లేదు. అయినా పక్కవాళ్ళు అలవాటు ప్రకారం అందుకున్నారు. వాళ్ళ నుంచి వెనకవాళ్ళు. అన్ని గొంతులూ కలిసి ఎక్కడో ఒకచోట నిలిచాయి. వాన కూడా ఆ నాదంలోకే కురుస్తున్నట్టుంది.

కృతి లేచింది. మేపుల్ స్ట్రీట్ పాడింది. తర్వాత ఇంకో వీధి, ఇంకో వీధి. ఆ పేర్లలో పోయిన ఇళ్ళకు మళ్ళీ దీపాలు పెడుతున్నట్టు పాడింది.

పాట అయ్యేసరికి జనం కౌస్తుభ్‌ని వెనక్కి నెట్టేశారు. అక్కణ్ణించే పిలిచాడు.

"కృతి గారూ!"

"కృతి గారూ," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

అతను కంగారుపడ్డాడు. ఇక ఆగి లాభం లేదనుకున్నాడు.

"పెట్టె వెతకడానికి రేపు నేనూ వస్తాను."

ఆ తెలుగు వంకర్లు పోతూ, ఒక్కో వరుసా దాటి, ఆమె దాకా వచ్చింది. కృతి నవ్వింది. నాన్న పోయాక అలా నవ్వడం అదే మొదలు.

"గారు తీసేసి చెప్పు," అంది.

జనం అదీ మోసుకొచ్చి అతనికి చెప్పారు.

"కృతీ, రేపు వస్తాను."

"పెట్టె దొరక్కపోతే?"

"దొరక్కపోయినా వస్తాను."

దొరక్కపోయినా వస్తానని ఆ పార్కంతా ఆమెకు మాటిచ్చింది.

పెట్టె దొరకలేదు. అతను వస్తూనే ఉన్నాడు. కృతి తల్లి మీనాక్షి అతణ్ణి భోజనానికి పిలిచింది, పెళ్ళికి సరేనంది. పెట్టె కూతురి గదిలో ఉందనుకుని, ఇదివరకు హాల్లో అది ఉండే బల్లను రోజూ తుడుస్తోంది.

పెట్టె పోయిందని ఆవిడకి వాళ్ళింకా చెప్పలేదు.