నలభై సెకన్ల ఈల

పాట మధ్యలో ఆగిపోయింది.

మోటారు గదిలో వంగి పైపు బిగిస్తున్న హరి తల ఎత్తాడు. కరెంటు పోలేదు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. అంటే ఎవరో చేత్తో ఆపారు. స్పానరు పట్టుకునే షెడ్డులోకి వచ్చాడు.

హోసూరు అవతల తళి దగ్గర ఉన్న ఆ గులాబీ తోటలో పంపులు, డ్రిప్ పైపులు చూసుకునే పని హరిది. రోజూ బేరిగై నుంచి బండి మీద వస్తాడు. పూలు ఏరి కట్టలు కట్టే షెడ్డులో, గూట్లో అతని పాత టేప్‌రికార్డరు ఉంటుంది. దాని పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. వారం కిందట వచ్చిన కొత్త సూపర్‌వైజరు చిత్ర. జవళగిరి నుంచి బస్సులో వస్తుందని మాత్రమే అతనికి తెలుసు.

"ఎవురు ఆపింది?"

"నేనే."

"పాట మధ్యలో ఆపకూడదమ్మా."

"ఏం, పాపం తగులుతాదా?"

పూలు ఏరుతున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. చిత్ర నవ్వలేదు. ఒక కట్ట తీసి అతని ముందు పెట్టింది.

"కట్టకు ఇరవై పూలుండాల. పొద్దున్నించి చూస్తాండాను, నాలుగు కట్టల్లో ఇరవై ఒకటి వచ్చినాయి. నిన్న రాలేదు, మొన్న రాలేదు. ఈ పొద్దు కొత్తగా ఉండేది నీ పాటొకటే."

హరి పూలు లెక్కపెట్టాడు. నిజంగానే ఇరవై ఒకటి. కాసేపు ఆలోచించాడు. తర్వాత అతని ముఖం వెలిగింది.

"అది ఏడు దెబ్బల తాళం. వీళ్ల చేతులు దాని వెంబడి పోయినాయి. ఏడు మూళ్లు ఇరవై ఒకటి గదా."

"ఇది తప్పప్పా. నువ్వేంది, బహుమతి వచ్చినట్ల సంతోషపడతాండావు?"

"నలభై ఏండ్లయింది ఈ పాట వచ్చి. దీన్ని ఇంత శ్రద్ధగా విన్నోళ్లు ఎవురూ లేరు తెలుసా?"

చిత్ర పెదవులు బిగించుకుంది. అయినా నవ్వు ఆగలేదు. "ఇరవైకి సరిపోయే పాటుంటే పెట్టు. లేకుంటే ఎత్తిపెట్టుకో."

"ఉండాది. ఐదు దెబ్బలది. రెండో పక్క."

ఆ రోజు నుంచి ఆ క్యాసెట్టు రెండో పక్క మాత్రం షెడ్డులో మోగింది. కట్టలన్నీ ఇరవై వచ్చాయి.

హరికి ఒక పిచ్చి ఉంది. పేరు రాని ఆల్బంలంటే ప్రాణం. గిటారు గట్టిగా మోగాలి, రాగం మెత్తగా ఉండాలి, పాట పది నిమిషాలు నడిచి మూడు నాలుగు దారులు మారాలి. అలాంటివి చేసి, అమ్ముడుపోక, విడిపోయిన బ్యాండ్లను వెతికి వెతికి వింటాడు. హోసూరు, కృష్ణగిరిలలో అలాంటి వాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. వాట్సాప్‌లో వాళ్లకొక గ్రూపు. నెలకో ఆదివారం కృష్ణగిరిలో, గ్రూపులోని భరణి ఇంటి మేడ మీద కూర్చుని ఒక ఆల్బం మొదటి నుంచి చివరి వరకు వింటారు. ఎవరూ మాట్లాడరు. టీ కూడా పాటకూ పాటకూ మధ్యే.

ఈ నెల వంతు హరిది. వినిపించేది ఈ క్యాసెట్టే. పేల్ వెదర్‌కాక్ అనే విదేశీ బ్యాండు చేసిన ఒకే ఒక్క ఆల్బం, సాల్ట్ స్టెయిర్స్. రెండేళ్ల కిందట హోసూరులో పాత సామాన్ల అంగట్లో దొరికింది.

"అంత గొప్పదేం ఉండాది దాంట్లో?" ఒకరోజు భోజనాల వేళ చిత్ర అడిగింది.

"మొదటి పక్క చివర్లో పదకొండు నిమిషాల పాట. గిటార్లు, డ్రమ్ములు అన్నీ తారాస్థాయికి పోతాయి. ఉన్నట్టుండి గమ్మునైపోతాయి. అప్పుడొక ఈల వస్తాది. గొర్రెల గంటలు. గాలి. నలభై సెకన్లే. మళ్లా గిటారు. రాక్ సంగీతంలో అంతకు మించిన నలభై సెకన్లు లేవని గ్రూపులో రాసినాను."

"ఒప్పుకున్నారా?"

"భరణి ఒగడు ఒప్పుకోలేదు. వాడేదో సీడీ తెప్పించినాడంట, దాంట్లో ఈల లేదంట. క్యాసెట్టుకు వేరే, సీడీకి వేరే చేసింటారు. ఆదివారం అందరి ముందర వినిపిస్తానని చెప్పినాను. ఈల లేకుంటే గ్రూపు విడిచిపెట్టి పోతాననీ చెప్పినాను."

"అంత దూరం ఎందుకప్పా?"

"అంతే."

గురువారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. తళి వాన తొందరపడదు. ముందు దూరంగా గ్రీన్‌హౌసుల ప్లాస్టిక్ మీద వేళ్లతో తట్టి చూస్తుంది, తర్వాత ఒక్కో కప్పే దాటుకుంటూ వచ్చి మీద పడుతుంది. పూల లారీ దారిలో ఆగిపోయింది. షెడ్డులో పని లేక అందరూ కూర్చున్నారు.

"ఇప్పుడు కట్టలు లేవు. మొదటి పక్క పెట్టుకోవచ్చునా?" అన్నాడు హరి.

"పెట్టు. చూద్దాం ఆ నలభై సెకన్లు."

పాట మొదలైంది. ఏడు దెబ్బలకు చిత్ర కాలు తనకు తెలియకుండానే కదిలింది. హరి చూశాడు. తను చూసినట్టు ఆమె చూసింది. కాలు ఆగింది, కాసేపటికి మళ్లీ కదిలింది. ముగ్గురు కలిసి పాడే చోట ఆమె వానను చూడడం మానేసింది.

గిటార్లు పైకి పోయాయి. ఆగాయి. ఈల వచ్చింది.

రెండు పొడుగు, ఒకటి పొట్టి. నాలుక ఆడిస్తూ "డుర్ర్ర్" అని ఒక అదిలింపు. మళ్లీ రెండు పొడుగు.

చిత్ర చేతిలో కత్తెర కింద పడింది.

"ఇది మా తాత," అంది.

హరి నవ్వాడు. "పరదేశంలో చేసిన ఆల్బంలోకి మీ తాత యాడ నుంచి వచ్చినాడమ్మా?"

"తమాషా కాదు. మా నంజప్ప తాత ఈల. గొర్రెల్ని ఇంటికి పిలిచే ఈల. చచ్చిపోయి పన్నెండేండ్లయింది, మరిచిపోతానా? ఆ క్యాసెట్టు ఒగ దినం ఇయ్యి. అవ్వకు వినిపించి తెచ్చిస్తాను."

ఆదివారం కళ్ల ముందు మెదిలింది హరికి. "టేపు పాతది, తెగిపోతాది. అయినా ఆ దేశంలో గొర్రెలు లేవా? అది బాగా నేర్చుకున్న కళాకారుడు వేసిన ఈల. గొర్రెలు తోలేవాళ్లు ఇంత బాగా వెయ్యలేరు."

మాట నోరు దాటాక గాని అతనికి వినపడలేదు.

చిత్ర కత్తెర తీసుకుంది. టేప్‌రికార్డరు దగ్గరికి వెళ్లింది. ఆపుతుందనుకున్నాడు. ఆపలేదు. గొడుగు తీసుకుని వానలోకి వెళ్లిపోయింది.

మరునాడు అతను పలకరించాడు. ఆమె పూలు లెక్కపెట్టింది. టీ తెచ్చి పక్కన పెట్టాడు. టీ చల్లారింది. "చిత్రా, తప్పయింది" అన్నాడు. "వాల్వు కారుతాంది, పొయ్యి చూసుకో" అంది.

శనివారం సాయంత్రం భరణి ఆ పాటను సీడీ నుంచి తీసి పంపాడు. హరి బండి ఆపి, రోడ్డు పక్కనే నిలబడి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. గిటార్లు పైకి పోయాయి. ఆగాయి. ఈల లేదు. ఒక కీబోర్డు, చాలా నెమ్మదిగా, వాన ఆగాక చూరు నుంచి ఒక్కో చుక్కే పడినట్టు. దాని మీద ఇద్దరి గొంతులు. రెండేళ్లు ప్రాణంగా విన్న పాటలో అతను ఎన్నడూ వినని చోటు అది. బాగుంది. ఈల ఆ పాటది కాదు.

హరి ఆ చలిలో అలాగే నిలబడ్డాడు. విదేశీ కళాకారుడిదని అనుకున్నంత కాలం దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. జవళగిరి నంజప్పది అన్న నిమిషానికే అంత బాగా రాదన్నాడు. ఎవరూ పట్టించుకోని వాటిని మెచ్చుకుంటానని ఊరంతా చెప్పుకునేది తనే.

గ్రూపులో టైపు చేశాడు. "ఈల ఆల్బంలోది కాదు. భరణి చెప్పిందే నిజం. అది జవళగిరి నంజప్ప ఈల, క్యాసెట్టు మీదికి ఎట్ల వచ్చిందో తెలీదు. అయినా అంతకు మించిన నలభై సెకన్లు లేవనే మాట మార్చుకోను. రేపు నేను రాను." పంపి, అన్నట్టే గ్రూపు నుంచి తప్పుకున్నాడు.

ఆదివారం పొద్దు వాలే వేళకు టేప్‌రికార్డరు సంచిలో పెట్టుకుని జవళగిరి చేరాడు. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అడవి వైపు చివరి ఇల్లు. వాకిట్లో చిత్ర తండ్రి మునెప్ప మంచం నులక బిగిస్తున్నాడు. చిత్ర గుమ్మంలో ఉంది.

"ఎవురప్పా నువ్వు?" అన్నాడు మునెప్ప.

"హరి. తోటలో పంపులు చూస్తాను. మీ నాయన ఈల నా దగ్గరుండాది. ఇచ్చిపోదామని వచ్చినాను."

మునెప్ప చేతిలో నులక ఆగింది. సంచిలోంచి బయటికి వచ్చిన క్యాసెట్టును తిప్పి తిప్పి చూశాడు. ముఖం ఎర్రబడింది.

"ఇది ఇంగా ఉండాదా? ఆ కాలంలో హోసూరులో ఒగ ఇంజినీరు ఇంట్లో తోటపని చేస్తాంటి. ఆయన ఊరు మారేటప్పుడు టేప్‌రికార్డరు, క్యాసెట్లు నాకిచ్చిపోయినాడు. ఆ ఎర్ర బటన్ ఏం చేస్తాదో చూద్దామని ఈడనే కూచోని నొక్కితి. నాయన ఈలేసుకుంటా గొర్రెల్ని తోలుకొస్తాండె, అదంతా పాట మీద రికార్డయిపోయింది. పాట చెడిపోయిందని భయమేసి ఎవురికీ చెప్పలేదు. తర్వాత కరువులో పాత సామాన్లతో అంతా అమ్మేస్తిని."

"నువ్వేనా నాయనా," అంది చిత్ర. నవ్వాలో ఏడవాలో తెలియని గొంతు.

హరి బటన్ నొక్కాడు. గిటార్లు పైకి పోయాయి. మునెప్ప చెవులు మూసుకున్నాడు. గిటార్లు ఆగాయి.

రెండు పొడుగు, ఒకటి పొట్టి.

దొడ్డి అవతల గడ్డి మేస్తున్న గొర్రెలు తలలెత్తాయి. మునెప్ప తండ్రి దగ్గర నేర్చిన ఈల అదే. వాటికి తెలిసిన పిలుపు అదే. ఇరవై గొర్రెలూ గంటలు మోగించుకుంటూ పరుగెత్తి వచ్చి టేప్‌రికార్డరు చుట్టూ నిలబడ్డాయి. ఒకటి హరి చొక్కా కొస నోట్లో పెట్టుకుంది.

అప్పుడు ఇంట్లోంచి తిమ్మమ్మ అవ్వ బయటికి వచ్చింది. చేతిలో చెంబు నిండా నీళ్లు. ఆ ఈల వినపడగానే కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి వాకిట్లో పెట్టడం ఆమెకు ఎన్నో ఏళ్ల అలవాటు. కొడుకు ఈలకు ఎన్నడూ లేవలేదు. ఈ ఈలకు లేచింది. నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది. చెంబుతో అలాగే నిలబడిపోయింది.



"అయ్యో," అంది అవ్వ మెల్లగా. "నీళ్లు తెచ్చినాను గదా." చుట్టూ చూసి చెంబు హరి చేతికి ఇచ్చింది. "నువ్వు కడుక్కో అబ్బీ. దూరం నుంచి వచ్చినట్టుండావు."

హరి గొర్రె నోట్లోంచి చొక్కా విడిపించుకుని కాళ్లు కడుక్కున్నాడు. చిత్ర కండువా తెచ్చి ఇచ్చింది. తీసుకుంటూ గ్రూపు విషయం చెప్పాడు.

"నిజంగానే తప్పుకున్నావా?" అంది.

"తప్పుకున్నాను. పొద్దున్నే భరణి మళ్లా చేర్చినాడు. వచ్చే నెల నంజప్ప ఈల వినాలంట అందరూ. మీ అవ్వను అడిగి చెప్తానన్నాను. ఒగ కాపీ నా ఫోన్లో ఉండాది. క్యాసెట్టు ఈడనే ఉండాల."

"అంటే నీకు కావాల్సింది ఈలేనా?"

"ఈల అంటే ఇష్టమే." కండువా తిరిగి ఇవ్వలేదు. "దాన్ని విన్న వెంటనే గుర్తుపట్టిన మనిషంటే ఇంగా ఇష్టం."

చిత్ర గొర్రెల వైపు చూసింది. "ఇరవై," అంది. "సరిపోయినాయి. ఇరవై ఒకటో తల నీదే. ఏం చేసేది?"

"కట్టలో కలుపుకో."

మునెప్ప గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఈ క్యాసెట్టు నువ్వు పెట్టుకో. మిషన్ యాడైనా కొంటాం."

"ఆ బటన్లు నాకు రావు," అంది అవ్వ. "ఈ అబ్బే వచ్చి పెట్టాల. దినాము."

"దినాము బేరిగై నుంచి ఎట్ల వస్తాడవ్వా?" అంది చిత్ర.

"రాలేకుంటే ఈడనే ఉండిపోతాడు. నువ్వెందుకు అంత ఎర్రగైనావు? మునెప్పా, ఈ అబ్బి ఇంటోళ్లు ఎవురో ఏమో పొయ్యి మాట్లాడిరా."

మునెప్ప హరిని పైనుంచి కింది దాకా చూశాడు. గొర్రె నమిలిన చొక్కా, తడి కాళ్లు. "ముందు ఆ గోల కొంచెం తగ్గించమను," అన్నాడు.

ఈల అయిపోయి గిటారు మళ్లీ మొదలై చాలాసేపైంది. గొర్రెలు ఒక్కొక్కటే దొడ్లోకి పోతున్నాయి. అవ్వకు విసుగేమోనని చిత్ర టేప్‌రికార్డరు దగ్గరికి వెళ్లి బటన్ మీద వేలు పెట్టింది.

తిమ్మమ్మ అరుగు మీద సర్దుకుని కూర్చుంది. "ఉండనీ," అంది. "పాట మధ్యలో ఆపకూడదు."