నిట్టూర్పు గేటు

ఈ కథ నాకు చెప్పింది ఇనెజ్. ఆమె చెప్పినది చెప్పినట్టే నాలో నిలిచిందా అంటే, ప్రమాణం చేయలేను. ఆ రాత్రి మా వరండాలో తడిసిన జీను తోలు వాసన వచ్చినట్టు నాకు గట్టి జ్ఞాపకం. కానీ ఆ ఏడు వేసవిలో వ్యోమింగ్ కొండల మీద చినుకైనా రాలలేదని ఊళ్లో అందరూ అంటారు. ఆ తడి నేను కల్పించుకున్నదైతే, ఇంకెంత కల్పించుకున్నానో...

గేటును మాత్రం కల్పించలేదు. అది ఇప్పటికీ ఉంది.

మా పొరుగున హార్లన్ బ్రెక్‌కు అతిథుల రాంచ్, అంటే గుర్రాల మకాం, ఉంది. పట్నాల వాళ్లు వచ్చి, వారం పాటు గుర్రపు సవారీలు చేసి, వెళ్లిపోతుంటారు. కొండ మీదికి పోయే దారిలో, లోయ అంచు మొదలయ్యే చోట, ఒక కర్ర గేటు. దానికి చెడ్డపేరు ఉంది. అక్కడికి రాగానే ఏ గుర్రమైనా ఆగిపోతుంది. పగటిపూట మాటల సందడిలో ఎవరికీ పట్టదు. చీకట్లో మాత్రం, ఆగిన క్షణానికి — ఎవరో పక్కనే నిలబడి నిట్టూర్చినట్టు — పొడుగాటి ఊపిరి వినిపిస్తుంది.

గుర్రాలు చూసుకునే ఓపల్ అనే ముసలామె ఆ గేటుకే ఉరేసుకుందనీ, ఆ ఊపిరి ఆమెదేననీ హార్లన్ రాత్రి మంట దగ్గర అతిథులకు చెబుతాడు. ఓపల్ ఉరేసుకోలేదు. మా ఇంటి వెనకగదిలో, మంచం మీద, నిద్రలో పోయింది. అయితే నిద్రలో పోయిన మనిషి కథ వినడానికి అంత దూరం నుంచి ఎవరొస్తారు? అందుకని ఆమెకు హార్లనే ఉరి వేశాడు — మాటలతో.

ఇనెజ్ భర్త లైల్ ఆ గేటు దాటిన చోటే లోయలో పడి చనిపోయాడు. స్నేహితులతో సెలవుకు వచ్చి, వెన్నెల సవారీకి వెళ్లి, తిరిగి రాలేదు. "నిట్టూర్పు విని జడుసుకున్నాడమ్మా. గుర్రాన్నీ జడిపించాడు. పోయినవాణ్ణి అనకూడదు గానీ, చేజేతులా తెచ్చుకున్నాడు" అని ఆమెకు ఫోనులో చెప్పాడు హార్లన్.

ఆ మాట ఇనెజ్ గొంతులో ముల్లై కూర్చుంది. లైల్ వంతెనలకు రంగులు వేసేవాడు. నది మీద, గాలిలో, తాడుకు వేలాడుతూ సగం జీవితం గడిపినవాడు. అలాంటి మనిషి ఒక ఊపిరికి జడిసి చచ్చాడా? అది తేల్చుకోవడానికి, రెండేళ్ల తర్వాత, పుట్టింటి పేరు చెప్పి ఆమె అదే రాంచ్‌కు అతిథిగా వచ్చింది.

వెన్నెల సవారీ రోజున హార్లన్ తన గుర్రం మీద ముందు సాగాడు. ఇనెజ్‌కు బిస్కెట్ అనే లావుపాటి గుర్రాన్ని ఇచ్చారు. ఎక్కుడు దారిలో ఆమె జీను ఎడమవైపుకు జారడం మొదలుపెట్టింది.

"హార్లన్, నా జీను జారుతోందయ్యా."

"గుర్రం జారట్లేదు కదమ్మా! జీను ముందున్న కొమ్ము పట్టుకుని కూర్చో. గేటు దగ్గర మాత్రం ఆగొద్దు. ఆగినవాళ్లంటే ఓపల్‌కు మహా ఇష్టం."

వెనక నుంచి డ్యూయీ అనే అతిథి అందుకున్నాడు. "వంట వచ్చా ఆవిడకి? వస్తే మా ఇంటికి తీసుకుపోతాను."

అందరూ నవ్వారు. ఇనెజ్ నవ్వలేదు.

గేటు వచ్చింది.

మొదటి గుర్రం ఆగింది. దాని వెనక బిస్కెట్... దాని వెనక డ్యూయీ గుర్రం. గిట్టల చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు — హూ...ఫ్.

పొడుగ్గా, వెచ్చగా, చాలా దగ్గరగా.

"పోనీ..." డ్యూయీ గుర్రం మెడ కరుచుకున్నాడు. "పోనీవయ్యా బాబూ..."

"మడమలు తగిలించండి!" ముందు నుంచి హార్లన్ అరిచాడు. "ఆగొద్దు!"

ఇనెజ్ మడమ లేచింది. లేచి, అక్కడే నిలిచిపోయింది. లైల్ కూడా ఇలాగే, ఇక్కడే... ఆమె ఊపిరి బిగబట్టి విన్నది. మళ్లీ వచ్చింది ఆ నిట్టూర్పు. గేటు నుంచి కాదు. తన మోకాళ్ల మధ్య నుంచి. డప్పులా ఉబ్బిన బిస్కెట్ పొట్ట మెల్లగా దిగిపోతోంది. అన్ని గుర్రాలూ అంతే — ఊపిరి వదిలేసి, కాళ్లు నిలదొక్కుకుని, తలలు వెనక్కి తిప్పి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాయి.

ఎవరి కోసమో ఇనెజ్‌కు తర్వాత నేను చెప్పాను. జీను వేసేటప్పుడు గుర్రం గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. కొంత దూరం నడిచాక ఆ గాలి పోయి, పొట్ట కింద జీనును పట్టి ఉంచే పట్టీ వదులవుతుంది. అందుకే ఓపల్ బతుకంతా, అంచు ఎక్కబోయే ముందు, ఆ గేటు దగ్గర సవారీని ఆపేది. ఒక్కొక్క పొట్టా తట్టి, "వదలరా దొంగా, ఊపిరి వదులు" అంటూ పట్టీని ఇంకో బెజ్జం బిగించేది. ఆమె తర్వాత ఆ పని ఎవరూ చేయలేదు. ఆగితే ఆలస్యం. దెయ్యం భయమైతే అతిథుల్ని క్షణంలో గేటు దాటిస్తుంది.

ఇనెజ్ దిగింది. బిస్కెట్ పట్టీని తడిమి చూసి, డ్యూయీ గుర్రం దగ్గరికి నడిచింది.

"హార్లన్. ఈ పట్టీ కింద నా పిడికిలి దూరుతోంది."

"ఎక్కమ్మా. అందరినీ నిలబెట్టకు."

"లైల్ జీను గుర్రం పొట్ట కిందికి తిరిగి దొరికిందా?"

హార్లన్ గుర్రాన్ని వెనక్కి తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు.

"...ఎవరు నువ్వు?"

"వంతెనలకు రంగులేసేవాడి పెళ్లాన్ని. జడిసింది నువ్వు చెప్పిన కథలో. నిజంలో నువ్వు చెప్పినట్టు మడమ తగిలించాడు, అంతే."

ఆమె గుర్రాన్ని నడిపించుకుంటూ కొండ దిగి, దీపం కనబడిన మా ఇంటికి వచ్చింది. తర్వాత ఏమీ జరగలేదు. గుర్రాల నిట్టూర్పును ఏ కోర్టూ సాక్ష్యంగా రాసుకోదు. ఇప్పుడు హార్లన్ మంట దగ్గర ఓపల్‌తో పాటు లైల్ కూడా దెయ్యమేనట.

కాఫీ చల్లారిపోయాక ఇనెజ్ చివరి మాట చెప్పింది. దారంతా జారిన తన జీను పట్టీ, గేటు దగ్గర దిగి చూస్తే, బిగించి ఉంది. వేలు దూరనంతగా. ఆమె దాన్ని ముట్టుకోలేదు. దగ్గరికి ఎవరూ రాలేదు.

ఆమె కళ్లలో భయం లేదు. కోపం ఉంది.

"నాకు బిగించిన చెయ్యి, ఆ రోజు ఆయనకెందుకు బిగించలేదక్కా?"

తెలియదన్నాను. తెలుసు. ఇంతవరకు మీకూ కావాలనే చెప్పలేదు — ఓపల్ ఎప్పుడు పోయిందో. గేటు దగ్గర ఆపి అతిథుల పొద్దు పాడుచేస్తోందని హార్లన్ ఆమెను పనిలోంచి తీసేసి, బతికుండగానే దెయ్యాన్ని చేశాడు. ఆమె మా ఇంట్లో తలదాచుకుంది. లైల్ పడిన రాత్రి, ఇంకా బతికే ఉన్న ఆమె మా వెనకగది కిటికీ దగ్గర కూర్చుని, కొండెక్కుతున్న లాంతర్లను చూస్తూ, "గేటు దగ్గర ఆగారా వాళ్లు?" అని అడుగుతూనే ఉంది.