కందకు లేని దురద

తామర బూజు పెంచే ఇంక్యుబేటర్ బాగుచేయడానికి ల్యాబ్‌కి వచ్చిన మెకానిక్‌కి నడుము చుట్టూ తామర. చెప్పుకుందామంటే ఎదురుగా ఉన్నది ఏ ముసలి ప్రొఫెసరో కాదు, కళ్లజోడు పైనుంచి చూసే రీసెర్చ్ అమ్మాయి. ఆ చూపుకి సగం చచ్చాడు. మిగతా సగాన్ని దురద చంపుతోంది.

"మా ఫ్రెండ్‌కి తామరండీ," అన్నాడు.

అమ్మాయి మొహం వెలిగిపోయింది. పరాయివాడి తామరకి అంత సంబరపడే మనిషిని అతను జన్మలో చూడలేదు. గాజు పళ్లాల్లో పెంచిన తామర బూజుని ఆమె ఆకురసం చంపేసిందట. ఇక మనుషుల మీద చూడాలి. పదకొండు మంది దొరికారు, పన్నెండోవాడు కావాలి.

ఫ్రెండ్ తరఫున అతనే ఫారం రాయించాడు. అలా ఆరు వారాలు గడిచాయి. వారం వారం ఖాళీ డబ్బా ఇచ్చి, ఆకుమందు నింపిన డబ్బా పట్టుకెళ్లాడు. "ఎలా ఉంది మీ ఫ్రెండ్‌కి?" అని ఆమె అడిగితే, ఆ నవ్వు ఎక్కడ మాయమవుతుందోనని, "భలే తగ్గిందండీ!" అనేవాడు. తగ్గలేదు సరికదా, వీపు మీదికి పాకింది.

"రిపోర్ట్ ఇవాళే ఇవ్వాలి. మీ ఫ్రెండ్‌ని కళ్లారా చూడందే రాయను. ఏడీ?"

"వాడికి సిగ్గండీ. వాడి బెంగతో నాకు నిద్రే పట్టట్లేదు."

"ఆయనేమో గడప తొక్కడు, మీరేమో వారం వారం ప్రత్యక్షం. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?"

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె పెన్ను పన్నెండో గడి మీద ఆగి ఉంది. అందులో తన అబద్ధం పడితే రేపు ఎవరెవరో ఆ మందు పూసుకుని గోక్కుంటారు, తిట్లు మాత్రం ఆమెకి. అది అతను తట్టుకోలేకపోయాడు.

"కంద నేనేనండీ! ఫ్రెండూ లేడు, గిండూ లేడు. రవ్వంత కూడా తగ్గలేదు. మీరు నవ్వుతారని తగ్గిందన్నా. మీరంటే ఇష్టం."

ఆమె 'తగ్గలేదు' అని రాసి పెన్ను విసిరికొట్టింది.

"బుద్ధుందా? ఆరు వారాలు గోక్కుంటూ ఊరుకున్నారా?"

"మీకోసమేనండీ."

"నాకోసం గోక్కోమని ఎవరేడ్చారు?"

కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వే గెలిచింది. చర్మం డాక్టర్ అడ్రస్ రాసిచ్చి, గ్లవ్ తీసేసి చెయ్యి చాపింది.

అతను చటుక్కున వెనక్కి జరిగాడు. "వద్దండీ, అంటుకుంటుంది!"

"ఎవరికి చెప్తున్నారు? దానిమీదే డాక్టరేట్ చేస్తున్నా. తామర నడుముకని ఫారంలో మీరే రాయించారు. చెయ్యి ఇటివ్వండి."