నాలుగు వైపులా పెరిగిన ఇటుక

"ఒక్క గంట టైమివ్వండి. ఆ తర్వాత పగలగొట్టాలనుకుంటే మీ ఇష్టం" అని డాక్టర్ హైమవతి బతిమాలుకుంది. ఎదురుగా గునపాలు పట్టుకుని జాలర్లు. ఏళ్ల తరబడి ఒకరి మొహం ఒకరు చూడని పై పేట, కింద పేట వాళ్లు ఇవాళ కలిసొచ్చారంటే, ఎంత హడలిపోయారో మీరే ఊహించుకోండి.

హడలు ఉత్తినే పుట్టలేదు. తీరాన్ని కోసేస్తున్న సముద్రాన్ని ఆపడానికి హైమవతి ఒక సింథటిక్ ఇటుక తయారుచేసింది. పోటు వచ్చినప్పుడల్లా అది నీళ్లలోని లవణాల్ని పీల్చుకుని, పక్కన ఖాళీ ఉన్న చోటల్లా కొత్త ఇటుకల్ని పుట్టిస్తుంది. బుద్ధిగా గోడలా సాగాల్సింది కాస్తా నాలుగు వైపులా పెరిగింది. ఒకటి అయిదైంది, అయిదు పదమూడైంది, ఇప్పుడు ఇరవై అయిదు. పడవలు సముద్రంలోకి వెళ్లే మొగ మొదటి ఇటుకకి ముప్పై ఇటుకల దూరంలోనే ఉంది.

"మొగ మూసుకుపోతే మా బతుకులేటవ్వాలమ్మా?" అన్నాడు పై పేట పెద్ద పోలయ్య.

"ఇందులోని కేటలిస్ట్ వెయ్యి ఇటుకలకే సరిపోతుంది. తర్వాత ఆగిపోతుంది."

"మా కొంప ముంచడానికి ముప్పై చాలు కదా, వెయ్యంటావేటి?" అంది కింద పేట నూకాలమ్మ.

హైమవతి గబగబా టాబ్లెట్ తీసింది. నిజంగానే మూసేస్తుందేమో! డ్రోన్ తీసిన ఫోటోని అందులో అటూ ఇటూ తిప్పింది. పగటి పోటుకి పుట్టినవి తెల్లగా, రాత్రి పోటుకి పుట్టినవి నల్లగా ఉన్నాయి. ఏటవాలుగా పట్టుకునేసరికి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న రెండు చతురస్రాలు కనిపించాయి. తెల్లవి మూడు వరుసల్లో మూడేసి, నల్లవి నాలుగు వరుసల్లో నాలుగేసి. తొమ్మిదీ పదహారూ ఇరవై అయిదు. అంతకుముందు ఫోటోలో నాలుగూ తొమ్మిదీ పదమూడు. అంటే n² + (n−1)². ఇరవై రెండో అంచెకి 925 అవుతాయి. ఆ పై అంచెకి 1013 కావాలి, అన్నింటికి కేటలిస్ట్ లేదు. హమ్మయ్య అనుకుంటూ ఇసకలో కూలబడింది.

"పోటుకి ఒక్కో వైపు ఒక్క ఇటుకే ముందుకి జరుగుతుంది. మిగతావన్నీ మధ్యలో సందులు నింపడానికే సరి. వెయ్యి అయ్యేసరికి ఇరవై మూడు ఇటుకల దూరం కూడా పోదు" అని ఫోటో చూపించింది.

నూకాలమ్మ వేలు పెట్టి గళ్లు లెక్కపెట్టుకుంది. "అవునర్రా, సరిపోయింది" అంది. అందరి గుండెలూ కుదుటపడ్డాయి.

"అయితే రేపు ముందు మా పడవలే మొగ దాటతాయి" అన్నాడు పోలయ్య.

"మొగని మీ తాత తవ్వించాడేటి? ముందు మావే" అంది నూకాలమ్మ.

చూస్తుండగానే జనం రెండుగా చీలి, పాత తగువులన్నీ తవ్వుకోవడం మొదలెట్టారు. ఆఖరికి పోలయ్య ఇటు తిరిగాడు. "ఏమ్మా, ఇంత లెక్క కట్టావు. ఎవరి పడవ ముందెళ్లాలో దానికీ ఓ ఫార్ములా చెప్పు."

"నాకు ఇటుకల లెక్కే వచ్చు, నన్నొదిలెయ్యండి బాబూ" అంటూ హైమవతి నవ్వాపుకుని జీపెక్కేసింది.